ఒకే ఇంటిపేరు, ఒకే పేజీ: నెట్ చైనీస్ ప్రిపరేషన్‌లో వాంగ్‌లతో నా తంటాలు

రిజల్ట్ వచ్చింది. యూజీసీ నెట్ పరీక్ష రాసి చైనీస్‌లో జేఆర్‌ఎఫ్, అంటే రీసెర్చ్ ఫెలోషిప్, కొట్టేశాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అమ్మ స్వీటు చేతిలో పెట్టి "మా అమ్మాయి చైనా చదువు పాసయ్యింది" అని చెబుతోంది. అదేం చదువో, దాంతో ఏం వస్తుందో వాళ్లు అడగరు, అమ్మ చెప్పదు.

"అక్కా, టైంటేబుల్ పెట్టండి, బుక్‌లిస్ట్ పెట్టండి" అని చాలామంది అడుగుతున్నారు. అన్ని సబ్జెక్టులవాళ్లూ రాసే పేపర్ వన్ గురించి నా దగ్గర కొత్త సంగతి ఏమీ లేదు. పాత పేపర్లు చేయండి, డేటా ఇంటర్‌ప్రెటేషన్ వదలకండి, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదిలి రాకండి. అంతే. నేను రాయాలనుకున్నది వాంగ్‌ల గురించి.

కిందటి అటెంప్ట్ కొద్దిలో పోయింది. చదవక పోలేదు. రాజవంశాల క్రమం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పోయింది పేర్ల దగ్గర, అందులోనూ ఒక్క ఇంటిపేరు దగ్గర. చైనాలో వాంగ్ ఇంటిపేరున్నవాళ్లు ఇవాళ పది కోట్లకు పైనే. వాళ్ల పూర్వీకుల్లో ఎంతమంది మన సిలబస్‌లో తిష్ఠ వేశారో మీకు తెలియంది కాదు.

అప్పుడు నా చేతిలో ఉన్నది ఒక కోచింగ్ సెంటర్ పీడీఎఫ్. అందులో 'ముఖ్యమైన వ్యక్తులు' అని ఒక పట్టిక. పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగులో, అక్షరక్రమంలో. ఒక్కో పేరుకు ఎదురుగా ఒక్కో మాట. వాంగ్ ఆన్‌షి, సంస్కర్త. వాంగ్ మాంగ్, సంస్కర్త. వాంగ్ చోంగ్, తత్వవేత్త. వాంగ్ ఫూజి, తత్వవేత్త. వాంగ్ యాంగ్‌మింగ్, ఆయనా తత్వవేత్తే. పరీక్షలో కాలక్రమంలో పెట్టమని ఒక ప్రశ్న, జతపరచమని ఇంకో ప్రశ్న. పేర్లన్నీ తెలిసినవే. ఎవరు ముందో, ఎవరు వెనకో మాత్రం తెలియలేదు. మౌస్ పట్టుకుని అలా చూస్తూ కూర్చున్నాను, టైమర్ నడుస్తూనే ఉంది. ఆ పట్టిక బట్టీ పట్టిన ఎవరికైనా అదే గతి పట్టేది. ఆ పీడీఎఫ్ ఇంకా చేతులు మారుతూనే ఉందని విన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తర్వాత ఆ పట్టిక పక్కన పడేశాను. తెల్లకాగితం పైన వాంగ్ అని రాసి, కింద ఒక్కో మనిషికి బిరుదుకు బదులు అతని తగవు రాయడం మొదలుపెట్టాను. ఎవరితో పేచీ పడ్డాడు, ఎందులో ఇరుక్కున్నాడు, ఎలా బయటపడ్డాడు. తగవు తెలిస్తే శతాబ్దం దాని వెనకే వచ్చేస్తుంది.

ఉదాహరణకు వాంగ్ జియాన్. పీడీఎఫ్‌లో 'చిన్ సేనాపతి' అని మాత్రమే ఉంటుంది. అసలు కథ ఇది. చూ రాజ్యాన్ని గెలవడానికి ఎంత సైన్యం కావాలని చిన్ రాజు అడిగాడు. కుర్ర సేనాపతి లీ షిన్ రెండు లక్షలు చాలన్నాడు, వాంగ్ జియాన్ ఆరు లక్షలకు తగ్గితే కుదరదన్నాడు. ముసలాయన జంకుతున్నాడని రాజు లీ షిన్‌నే పంపాడు. లీ షిన్ చిత్తుగా ఓడి వచ్చాడు. అప్పుడు రాజే స్వయంగా వాంగ్ జియాన్ ఇంటికి వెళ్లి బతిమాలి, ఆరు లక్షలూ అప్పజెప్పాడు. దారి పొడవునా ఈయన రాజుకు కబుర్లు పంపుతూనే ఉన్నాడు: మంచి పొలాలు ఇప్పించండి, ఇళ్లు ఇప్పించండి, పిల్లలకు ఉంటాయి. మరీ ఇంత అడుక్కోవాలా అని పక్కవాళ్లు అంటే ఆయన చెప్పిన కారణం విని నేను పడిపోయాను. రాజుకు అనుమానం ఎక్కువ, దేశంలోని సైన్యమంతా నా చేతిలో పెట్టాడు, నా ఆశ ఆస్తి మీదే తప్ప సింహాసనం మీద లేదని ఆయనకు నమ్మకం కలగాలి కదా అన్నాడట. క్రీ.పూ. 223లో చూ పడిపోయింది. ఆయన కొడుకు వాంగ్ బెన్ క్రీ.పూ. 225లో నది నీళ్లు మళ్లించి వెయ్ రాజధానిని ముంచాడు, 221లో చి రాజ్యాన్ని తీసుకున్నాడు. చైనా ఏకమైన ఏడాది వేరే బట్టీ పట్టక్కర్లేదు, కొడుకుతో వచ్చేస్తుంది.

ఇక ఇద్దరు సంస్కర్తలు. హాన్ వంశాన్ని పక్కకు నెట్టి క్రీ.శ. 9లో షిన్ అనే సొంత వంశం పెట్టుకున్న వాంగ్ మాంగ్ తగవు పెద్ద భూస్వాములతో. భూమంతా రాజుదే, అమ్మడం కొనడం కుదరదు, బానిసల్నీ అమ్మకూడదు అన్నాడు. మూడేళ్లకే వెనక్కి తీసుకోక తప్పలేదు. నాణేలను మార్చిమార్చి జనాన్ని పిచ్చెక్కించాడు. దానికి తోడు పసుపు నది దారి మార్చుకుని ఊళ్లు ముంచింది. తిండి లేనివాళ్లు కనుబొమలకు ఎర్రరంగు పూసుకుని తిరగబడ్డారు. 23లో ఇంకో తిరుగుబాటు సేన రాజధాని చాంగాన్‌లోకి చొరబడ్డాక ఆయన ప్రాణం పోయింది.

సాంగ్ కాలపు వాంగ్ ఆన్‌షి భూమి ఎవరిదన్న జోలికి పోలేదు. ఆయన తగవు వడ్డీ వ్యాపారులతో. పాత గింజలు అయిపోయి కొత్త పంట చేతికి రాని రోజుల్లో రైతు ఎవరి గడప తొక్కుతాడో మనకు ఒకరు చెప్పాలా? ఆ అప్పు సర్కారే ఇస్తుంది, పంటకు 20 శాతం వడ్డీ అన్నాడు. 1069లో మొదలైన కొత్త విధానాల్లో ఇదొకటి. ఆలోచన బాగానే ఉంది. కింద అధికారులు టార్గెట్లు పెట్టుకుని, అక్కర్లేని వాళ్లకూ అప్పులు అంటగట్టారు. దర్బారులో పాత పద్ధతే మేలనే సీమా గ్వాంగ్ వర్గం ఎదురు తిరిగింది. ఇద్దర్నీ 'సంస్కర్త' అని ఒక్క మాటతో సరిపెట్టినవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

ఆన్‌షి గురించి ఇంకో సంగతి, ఇది మన బాధకు దగ్గర. 1071లో ఆయన సివిల్ పరీక్షల్లోంచి కవిత్వం రాయడం తీసేయించాడు. శాస్త్రగ్రంథాల అర్థం, పాలన మీద వ్యాసాలు రాయమన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. 1075లో తన సొంత వ్యాఖ్యానాలనే ప్రామాణిక పాఠాలు చేయించాడు. చిన్నప్పటి నుంచి కవిత్వం సాధన చేసిన కుర్రాళ్ల పరిస్థితి ఊహించుకోండి. సిలబస్ మారిందని మనం ఏడవడం కొత్తేం కాదు.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి వాంగ్ యాంగ్‌మింగ్. ఆయన తండ్రి వాంగ్ హువా 1481లో చక్రవర్తి దర్బారులో జరిగే చివరి పరీక్షలో దేశానికే మొదటి ర్యాంకు. అలాంటి ఇంట్లో పుట్టిన కొడుకు దానికి ముందుండే రాజధాని పరీక్షలో 1493లో ఫెయిల్, 1496లో మళ్లీ ఫెయిల్, 1499లో పాస్. మధ్యలో తోటివాళ్లు సిగ్గుతో కుమిలిపోతుంటే, పరీక్ష పోవడం సిగ్గని లోకం అనుకుంటుంది, పోయినందుకు మనసు చెదరడం సిగ్గని నేననుకుంటాను అన్నాడట. ఈ మాట కాగితం మీద రాసి టేబుల్ ముందు అంటించాను. కిందటి రిజల్ట్ రోజున నా మనసు చెదరలేదంటే అబద్ధమే, మూడుపూటలా ఏడ్చాను. కానీ ఏడ్చిన రాత్రి కూడా పుస్తకం తెరిచాను. మీరు తెరుస్తున్నారా? మోటివేషన్ వీడియోలు చూడటానికి గంటలు దొరుకుతాయి, ఒక పేజీ చదవడానికి టైం దొరకదు. తెల్లారి లేవడం, ఫోన్ వేరే గదిలో పెట్టడం, నిన్న చదివింది ఇవాళ మళ్లీ చూడటం... ఇవేవీ రహస్యాలు కావు, ఎవరూ చేయరు, అంతే.

క్లాసు పీకుతున్నాననిపిస్తే ఆయన వెదురు కథ చదవండి. ప్రతి వస్తువులోనూ తత్వం ఉంటుందని సాంగ్ కాలపు తత్వవేత్త జూ షీ చెప్పాడు కదా అని, వెదురు పొదల ముందు కూర్చుని ఏడు రోజులు చూశాడు. జబ్బు పడ్డాడు తప్ప ఏమీ దొరకలేదు. దర్బారులో చక్రం తిప్పుతున్న నపుంసక అధికారి లియూ జిన్‌కు ఎదురెళ్లినందుకు కొరడా దెబ్బలు తిని, గుయిజౌ కొండల్లో లోంగ్‌చాంగ్‌కు తరిమివేయబడ్డాక, 1508లో అక్కడ తట్టింది ఆయనకు: వెతకాల్సింది బయట కాదు, మనసులోనే అని. తెలియడమూ చేయడమూ ఒకటే అన్న ఆయన మాట దీని వెనకే వస్తుంది. జూ షీతో పేచీ ఎక్కడో తెలిస్తే అసర్షన్-రీజన్ ప్రశ్న (ఒక మాట ఇచ్చి, దానికి చెప్పిన కారణం సరైనదేనా అని అడిగేది) ఎలా తిప్పి అడిగినా పోదు.

హిస్టరీతో నెట్ రాసేవాళ్లకు కూడా పనికొచ్చే వాంగ్ ఒకడున్నాడు, వాంగ్ షువాన్‌త్సె. మనం హ్యూయన్‌త్సాంగ్ దగ్గరే ఆగిపోతాం. ఈయన గ్వాంగ్‌షీ వైపు ఒక చిన్న జిల్లా అధికారి. తాంగ్ చక్రవర్తి పంపిన దూతబృందంతో 643లో మన దేశానికి బయలుదేరాడు. రెండోసారి వచ్చేసరికి హర్షుడు లేడు. మన పుస్తకాల్లో అరుణాశ్వుడనో అర్జునుడనో కనిపించే మంత్రి వాళ్ల మీద పడ్డాడు. వెంట ఉన్నది ముప్పై మంది రౌతులు. బాణాలు అయిపోయాయి, అందరూ దొరికిపోయారు. ఈయన మాత్రం రాత్రికి రాత్రి తప్పించుకుని టిబెట్ చేరాడు. అక్కడి రాజు స్రోంగ్‌త్సన్ గాంపో 1,200 మందిని ఇచ్చాడు, నేపాల్ రాజు 7,000 మంది రౌతుల్ని ఇచ్చాడు. వాళ్లతో తిరిగొచ్చి గెలిచి, 648లో ఆ మంత్రిని బందీగా చాంగాన్‌కు పట్టుకెళ్లాడు. ఇదంతా చైనావాళ్లు తమ గెలుపు గురించి తామే రాసుకున్న లెక్క, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి. ఆయన తన ప్రయాణాల మీద పుస్తకం రాశాడు. అది పోయింది, తునకలు మిగిలాయి.

ఒక్క ఇంటిపేరుకు ఇంత టైం వేస్టా అని నా రూమ్మేట్ రోజూ దెప్పేది. ఎన్ని మార్కులొస్తాయి అని లెక్క అడిగేది. నేను చదివింది వాంగ్‌లను కాదు, వాళ్లను పట్టుకుని చిన్ నుంచి చింగ్ దాకా అన్నాను. ఇప్పుడు ఆమె కూడా అదే కాగితం జిరాక్స్ తీసుకుంది.

మిగతావాళ్లు గబగబా. వాంగ్ షీజి, 353, 'ఓర్కిడ్ మండపం ముందుమాట' అనే రచన, అందమైన చేతిరాతకు పేరు. కవి వాంగ్ వెయ్ పేరుకు తన మరోపేరు మోజియె కలపండి, వెయ్‌మోజియె, అంటే బౌద్ధంలోని విమలకీర్తే. ఇది తెలిశాక ఆయన్ని ఎవరైనా మర్చిపోతారా? 1899, 1900 జంటగా పెట్టుకోండి. మందుల కొట్లలో అమ్మే 'డ్రాగన్ ఎముకల' మీద రాత ఉందని కనిపెట్టింది వాంగ్ యీరోంగ్, 1899. వాయవ్య చైనాలోని దున్‌హువాంగ్ గుహలో పాత గ్రంథాల కాగితపు చుట్టలు దాచిన గది బయటపెట్టింది దావో పూజారి వాంగ్ యువాన్‌లూ, 1900. 1907లో కొద్దిపాటి వెండికి బ్రిటిష్ అన్వేషకుడు స్టైన్ చేతిలో వేల చుట్టలు పెట్టిందీ ఈయనే, 868లో అచ్చయిన వజ్రసూత్రం అందులోదే. యీరోంగ్ 1900లో విదేశీ సేనలు బీజింగ్‌లోకి వచ్చినప్పుడు బావిలో దూకాడు. అవే ఎముకలతో ప్రాచీన షాంగ్ వంశపు రాజుల వరస సరిచూసిన వాంగ్ గువోవెయ్ 1927లో వేసవి ప్రాసాదం సరస్సులో పడి చనిపోయాడు.

చివరగా ఆ పీడీఎఫ్ నన్ను నిలువునా ముంచిన చోటు. 1940లో జపాన్ అండతో నాన్‌జింగ్‌లో ప్రభుత్వం పెట్టిన వాంగ్ జింగ్‌వెయ్ ఈ వాంగ్ కాడు. మనవాళ్ల ఇంటిపేరు మూడు అడ్డగీతలు, మధ్యలో ఒక నిలువుగీత, స్వరం పైకి లేస్తుంది. ఆయనది ఎడమ పక్కన మూడు నీటిచుక్కలున్న అక్షరం, స్వరం సమంగా సాగుతుంది. 1349లో సముద్రయాత్రల పుస్తకం రాసిన వాంగ్ దాయువాన్‌ది కూడా నీటిచుక్కల వాంగే. స్వరం గుర్తులు లేని ఇంగ్లీషు స్పెల్లింగులో అందరూ ఒకేలా కనిపిస్తారు, పరీక్షలో అక్షరాలు కనిపిస్తాయి. మావోతో పోటీపడ్డ వాంగ్ మింగ్ అక్షరం సరైనదే, కానీ అది పెట్టుకున్న పేరు, అసలు పేరు చెన్ షావోయూ. ఆయన్ని చెన్ పేజీలో రాసుకోండి.

నా కాగితం స్కాన్ పంపమని అడగకండి, మీ చేత్తో రాసుకుంటేనే పని చేస్తుంది. వాంగ్ అయ్యాక ఝాంగ్ పట్టుకోండి. క్రీ.పూ. 138లో పడమటికి బయలుదేరిన ఝాంగ్ చియెన్‌తో మొదలుపెట్టి, 1936లో షీయాన్‌లో చియాంగ్ కైషేక్‌ను నిర్బంధించిన ఝాంగ్ షుయెలియాంగ్ దాకా. దారిలో ఝాంగ్ తాయ్‌యెన్ తగిలితే ఆగండి. ఆయనది ఇంకో అక్షరం, అక్కడ స్వరం కూడా ఒకటే.