స్మృతి చాప్టర్‌ని ఆఖరి లైను నుంచి మొదలుపెట్టండి: సైకాలజీ ఆప్షనల్ వాళ్ల కోసం

యూపీఎస్సీ సైకాలజీ ఆప్షనల్ పేపర్-1 సిలబస్‌లో మెమరీ పేరా ఒకసారి తీసి చూడండి. ఎన్‌కోడింగ్‌తో మొదలై షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్, సెన్సరీ మెమరీ, మల్టీస్టోర్ మోడల్, లెవెల్స్ ఆఫ్ ప్రాసెసింగ్, మరుపు సిద్ధాంతాలు, మెటామెమరీ (మన జ్ఞాపకశక్తి మీద మనకుండే అంచనా) అన్నీ అయ్యాక చిట్టచివర 'అమ్నీషియా: యాంటిరోగ్రేడ్, రెట్రోగ్రేడ్' అని ఉంటుంది. అమ్నీషియా అంటే జ్ఞాపకశక్తి దెబ్బతినడం: గాయం తర్వాత కొత్తవి నిలవకపోతే యాంటిరోగ్రేడ్, అంతకుముందువి పోతే రెట్రోగ్రేడ్. చివర్లో ఉంది కదా అని చాలామంది రెండు నిర్వచనాలు రాసుకుని వదిలేస్తారు. మేం చెప్పేది దీనికి తలకిందులు. ముందు అమ్నీషియా చదవండి. పైన ఉన్న మోడల్స్‌లో ఏది నిలబడిందో, ఏది దెబ్బతిందో తేల్చినవాళ్లు చాలావరకు ఈ రోగులే.

మొదటి వారం మొత్తం ఒక్క హెచ్.ఎమ్. కేసుకే ఇచ్చినా నష్టం లేదు. అసలు పేరు హెన్రీ మోలేసన్. మూర్ఛ ఎంతకీ తగ్గకపోవడంతో 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో డాక్టర్ స్కోవిల్ ఆయన మెదడులో రెండు వైపులా మీడియల్ టెంపొరల్ లోబ్ భాగాన్ని తీసేశారు. కొత్త జ్ఞాపకాలు స్థిరపడటానికి కావలసిన హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం అందులోనే పోయింది. అప్పటికి ఆయన వయసు 27. మూర్ఛ తగ్గింది కానీ కొత్త జ్ఞాపకం నిలవడం ఆగిపోయింది. స్కోవిల్, మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ కలిసి 1957లో ఈ కేసు ప్రచురించారు.

ఇక్కడ 'ఏం పోయింది' కంటే 'ఏం మిగిలింది' అన్నదానికే మార్కులు. తెలివితేటలు మిగిలాయి: ఆపరేషన్ తర్వాత కొలిచిన ఐక్యూ 112. చిన్ననాటి జ్ఞాపకాలు మిగిలాయి. షార్ట్ టర్మ్ మెమరీ కూడా మిగిలింది. మిల్నర్ ఆయనకు 584 అనే అంకె ఇచ్చి గుర్తుపెట్టుకోమన్నారు. పావుగంట తర్వాత అడిగితే తడుముకోకుండా చెప్పారు. 5, 8, 4 కలిపితే 17, అందులోంచి 8 తీస్తే 9, తొమ్మిదిని విడగొడితే 5, 4 అని మనసులో తిప్పుకుంటూ కూర్చున్నారన్నమాట. ఆ తర్వాత నిమిషం దృష్టి మళ్లేసరికి అంకె పోయింది, అసలు అంకె ఇచ్చారన్న సంగతే పోయింది. రిహార్సల్ (మనసులో తిప్పుకోవడం) ఉన్నంతసేపే సమాచారం ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండోది అద్దంలో నక్షత్రం. కాగితం మీద జంట గీతలతో నక్షత్రం ఉంటుంది. చెయ్యి నేరుగా కనబడకుండా అడ్డు పెడతారు, అద్దంలో మాత్రమే చూస్తూ ఆ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మూల తిరిగేచోట చెయ్యి ఎదురు దిక్కుకు పోతుంది, ఎవరికైనా మొదట తప్పులే వస్తాయి. హెచ్.ఎమ్. మూడు రోజులు సాధన చేశారు, తప్పులు బాగా తగ్గిపోయాయి. మూడో రోజు కూడా 'ఇది ఇంతకుముందు చేశాను' అన్న గుర్తు మాత్రం లేదు. చేతికి వచ్చింది, మనసుకు తెలియదు. ప్రొసీజరల్ (చేతికి వచ్చే నైపుణ్యం), డిక్లరేటివ్ (మాటల్లో చెప్పగలిగే విషయం) మెమరీలు వేర్వేరు అని రాసేటప్పుడు ఈ మూడో రోజు సంగతి తప్పక రాయండి.

దీని పక్కనే కె.ఎఫ్.ని పెట్టండి. షాలిస్, వారింగ్టన్ 1970లో రాసిన కేసు. ఆయనకు వినిపించిన అంకెల్లో ఒకటి రెండుకు మించి నిలిచేవి కావు, లాంగ్ టర్మ్ మెమరీ మాత్రం బాగానే ఉండేది. హెచ్.ఎమ్.లో ఉన్నది ఈయనలో లేదు, ఈయనలో ఉన్నది హెచ్.ఎమ్.లో లేదు. దీన్నే డబుల్ డిసోసియేషన్ అంటారు. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండు వేర్వేరు గోదాములన్న అట్కిన్సన్, షిఫ్రిన్‌ల 1968 మల్టీస్టోర్ మోడల్‌కి ఈ జంట బలం ఇస్తుంది. కానీ అదే కె.ఎఫ్. ఆ మోడల్‌కి ఎదురు తిరుగుతాడు కూడా. లాంగ్ టర్మ్‌లోకి వెళ్లాలంటే షార్ట్ టర్మ్ గుండానే వెళ్లాలని మోడల్ అంటుంది కదా, ఆ దారి దెబ్బతిన్న మనిషి కొత్త విషయాలు ఎలా నేర్చుకున్నాడు? పైగా ఆయనకు వినిపిస్తే నిలవనివి చూపిస్తే కాస్త మెరుగ్గా నిలిచేవి. అంటే షార్ట్ టర్మ్ అనేది ఒకే పెట్టె కాదు. షార్ట్ టర్మ్‌ని వేర్వేరు భాగాలుగా చూసే, బాడ్లీ, హిచ్ 1974లో తెచ్చిన వర్కింగ్ మెమరీ మోడల్‌కి ఇక్కడి నుంచి నేరుగా వంతెన వేయొచ్చు. 'మల్టీస్టోర్ మోడల్‌ని విమర్శనాత్మకంగా పరిశీలించండి' అన్న ప్రశ్నకు ఈ ఒక్క పేరాతో సగం పని అయిపోతుంది.

ఎపిసోడిక్ (సొంత అనుభవాల జ్ఞాపకం), సెమాంటిక్ (లోకజ్ఞానం) తేడాకి కె.సి. కేసు చాలు. 1981లో మోటార్‌సైకిల్ ప్రమాదం. లోకజ్ఞానం ఉంది, చదరంగం ఆడగలడు, తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటన కూడా తిరిగి అనుభవంలోకి రాదు. రేపు ఏం చేస్తావంటే ఊహించుకోనూ లేడు. ఈ కేసుని అధ్యయనం చేసిన టల్వింగ్ పేరు పక్కనే రాయండి. కోర్సకాఫ్ సిండ్రోమ్‌కి రెండు మాటలు: ఎక్కువగా మద్యపానం వల్ల వచ్చే థయమిన్ (విటమిన్ బి1) లోపం, ఖాళీలను కల్పనతో పూరించడం. ఆ కల్పన అబద్ధం కాదు, రోగి దాన్ని నిజమనే నమ్ముతాడు. 'అబద్ధాలు చెబుతారు' అని రాస్తే మార్కు పోతుంది.

ఇప్పుడు అందరూ తడబడేచోటికి వద్దాం. రెట్రోగ్రేడ్, రెట్రోయాక్టివ్, యాంటిరోగ్రేడ్, ప్రోయాక్టివ్. పరీక్ష హాల్లో ఈ నాలుగూ కలిసిపోతాయి. రెట్రోగ్రేడ్, యాంటిరోగ్రేడ్ అమ్నీషియా జంట; రెట్రోయాక్టివ్, ప్రోయాక్టివ్ ఇంటర్‌ఫియరెన్స్ (ఒక పాఠం ఇంకోదానికి అడ్డుపడి వచ్చే మరుపు) జంట. ఒక్క సూత్రం పట్టుకోండి: 'రెట్రో' ఉంటే దెబ్బతినేది పాతది, లేకపోతే కొత్తది. రెండు జంటలకీ ఇదే వర్తిస్తుంది. తేడా అంతా కారణంలో ఉంది. ఇంటర్‌ఫియరెన్స్‌లో అడ్డుపడేది ఇంకో పాఠం, మెదడుకి ఏమీ కాలేదు. తెలుగు చదివినవారు కన్నడ రాస్తూ తెలుగు తలకట్టు పెట్టేస్తే అది ప్రోయాక్టివ్. అమ్నీషియాలో గాయమో జబ్బో మానసిక ఆఘాతమో ఉంటుంది. తన పేరే మరచిపోయి వేరే ఊళ్లో తేలడం డిసోసియేటివ్ ఫ్యూగ్, హెచ్.ఎమ్. పక్కన దాన్ని కలిపి రాయకండి. తలకి రెండో దెబ్బ తగిలితే అన్నీ గుర్తొస్తాయన్నది సినిమాల్లో మాటే.

పేపర్‌కి 250 మార్కులు, 180 నిమిషాలు. అంటే 10 మార్కుల ప్రశ్నకు ఏడు నిమిషాలకు కాస్త ఎక్కువ, 150 పదాలు. బొమ్మతో మొదలుపెట్టండి: అడ్డంగా కాలరేఖ, మధ్యలో నిలువు గీత (గాయం), ఎడమకి రెట్రోగ్రేడ్ బాణం, కుడికి యాంటిరోగ్రేడ్ బాణం. ఎడమ వైపు గీతకు దగ్గర్లో చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా షేడ్ చేయండి. దగ్గరి జ్ఞాపకాలే ముందు పోతాయన్న రిబో సూత్రం (1881) ఆ షేడ్‌లోనే కనబడుతుంది, మూడు లైన్లు ఆదా. తర్వాత ఒక కేసు, పోయింది, మిగిలింది. 20 మార్కులైతే పరిమితులు కూడా కావాలి. హెచ్.ఎమ్. ఒక్క మనిషి, ఏళ్ల తరబడి మూర్ఛ, మందులు ఉన్నాయి. 2008లో చనిపోయాక మెదడుని 2,401 పొరలుగా కోసి చూస్తే హిప్పోక్యాంపస్ వెనక భాగం కొంత మిగిలే ఉందని తేలింది. 'హిప్పోక్యాంపస్ మొత్తం తీసేశారు' అని రాయకపోవడం మంచిది. అలాగే హిప్పోక్యాంపస్‌ని గోదాము అనకండి. జ్ఞాపకం స్థిరపడటానికి అది కావాలి, అందుకే చిన్ననాటివి మిగిలాయి.

రివిజన్ ఎలా అంటే, మళ్లీ మళ్లీ చదవడం తగ్గించండి. రోడిగర్, కార్పిక్‌లు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, 81కి 75 శాతం. వారం తర్వాత తారుమారైంది: చూడకుండా రాసుకున్నవాళ్లకి 56, చదివినవాళ్లకి 42. చదివిన వెంటనే 'వచ్చేసింది' అనిపించడం మెటామెమరీ చేసే మోసం, సిలబస్‌లో ఆ మాటకి ఇదే ఉదాహరణగా వాడుకోవచ్చు. కాబట్టి చదివిన రాత్రే ఖాళీ ఏ4 మీద, పుస్తకం మూసి, ఏడు నిమిషాలు. మళ్లీ మూడో రోజు, వారానికి, మూడు వారాలకి. రానివి ఎర్ర పెన్నుతో పూరించండి, తర్వాతి సారి ఆ ఎర్రవి మాత్రమే ముందు రాయండి. కేసుల పేర్లు రెండేసి అక్షరాలే కాబట్టి హెచ్.ఎమ్., కె.ఎఫ్., కె.సి. ఒకదానిలో ఒకటి దూరతాయి. మూడూ ఒకే పూట చదవకుండా రోజుకొకటి చొప్పున విడగొట్టండి, నాలుగో రోజున మూడింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయండి.