కరెంటు పోయిన ఇల్లు: ఇక్కడొకటి, అక్కడొకటి

డిసెంబరు సెలవులకు అమెరికా నుంచి పిల్లల్ని తీసుకుని కావలికో, ఒంగోలుకో, కందుకూరుకో వచ్చేవాళ్ళ పెట్టెల్లో స్వెట్టర్లు ఎక్కువ, టార్చిలైట్లు తక్కువ. మన వైపు చలికాలం అంటే ముసురు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. 1989 నవంబరులో పెనుతుపాను కావలి దగ్గరే తీరం దాటింది. 2021 నవంబరు వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైళ్ళు ఆగిపోయాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందురోజు చెన్నై విమానాశ్రయం రన్‌వే మీద నీళ్ళు నిలిచి విమానాలు ఆగాయి. నెల్లూరోళ్ళలో చాలామంది దిగేది చెన్నైలోనే కాబట్టి, తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులైనా ఖాళీ పెట్టుకోండి.

ఇంట్లో ముందుగా చూడాల్సింది ఇన్వర్టరు. "మనకు ఇన్వర్టరు ఉందిలే" అని అమ్మానాన్నలు ధీమాగా ఉంటారు. రోజూ గంటా రెండు గంటల కోతకు అది చాలు, తుపానుకు చాలదు. లెక్క చూడండి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు (ఒక వాటు సామాను గంటసేపు తినే కరెంటు ఒక వాట్-అవర్) ఉంటాయి. ఇన్వర్టరు తినేది పోగా, బ్యాటరీని అడుగంటా ఖాళీ చేయకూడదు కనుక, చేతికొచ్చేది 1100 దాకా. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు, 9 వాట్ల బల్బులు నాలుగు, వైఫై పెట్టె కలిపితే గంటకు దాదాపు 200. అంటే అయిదున్నర గంటలు. అదే తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెడితే పది గంటలు. అందరూ ఒకే గదిలో పడుకుని, రాత్రి ఎనిమిది గంటలు ఒక బీఎల్‌డీసీ ఫ్యాను, సాయంత్రం నాలుగు గంటలు రెండు బల్బులు, ఫోన్ల చార్జింగు మాత్రం పెట్టుకుంటే రోజుకు 360 దగ్గర అవుతుంది, మూడు రోజులు నడుస్తుంది. ఫ్యాను మార్చడానికయ్యే ఖర్చు రెండో బ్యాటరీ ఖర్చు కన్నా బాగా తక్కువ, కాబట్టి ముందు ఫ్యాను మార్చండి.

ఈ లెక్క కొత్త బ్యాటరీకి. మూడు నాలుగేళ్ళు వాడినదైతే సగమే నమ్మండి. ఊరికి వచ్చిన మర్నాడే మెయిన్ ఆపి, ఎంతసేపు ఆగుతుందో గడియారం పెట్టి చూడండి. బ్యాటరీలో నీళ్ళు గుర్తు కన్నా తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బిందెలో నీళ్ళు, ఆర్‌వో నీళ్ళు పోస్తే ప్లేట్లు పాడవుతాయి. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పూత కడితే, లైన్లు విప్పి వేడినీళ్ళలో వంటసోడా కలిపి తుడిచి, ఆరాక బిగించి పైన వాజ్‌లైన్ రాయండి. పల్లపు వీధి అయితే ఇన్వర్టరును నేల మీద పెట్టకండి. మూడడుగుల ఎత్తున గట్టి బల్ల మీదకు ఎక్కించండి. అపార్టుమెంటు జనరేటరు సెల్లారులో ఉందేమో కూడా అడగండి. నీళ్ళు ముందు చేరేది అక్కడికే. ముసురు పట్టిన రోజు పిల్లల్ని లిఫ్టు ఎక్కనివ్వద్దు.

అమెరికా నుంచి తెచ్చే సామాను సంగతి మరీ ముఖ్యం. ప్రతి చార్జరు మీదా చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ అని రాసి ఉంటుంది. 100-240 అని ఉంటే ఇక్కడ పనిచేస్తుంది. 120 అని మాత్రమే ఉంటే, మన 230 వోల్టులకు క్షణంలో కాలిపోతుంది. పిల్లల నెబ్యులైజరు, పాలసీసా వేడిచేసే గిన్నె, రాత్రి దీపం ఎక్కువగా ఈ రకమే. అడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. వోల్టేజీ ఎగసినప్పుడు సామానును కాపాడే అక్కడి సర్జ్ ప్రొటెక్టర్ ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు తేవద్దు. దాని లోపలి భాగాలు 120కి తయారైనవి, ఇక్కడ వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు నెబ్యులైజరు ఇక్కడే కొనడం మేలు. అది ఇన్వర్టరు మీద నడవాలంటే ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్ రకం, అంటే లైను కరెంటులాంటి కరెంటే ఇచ్చేది, అయి ఉండాలి. చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది. పవర్‌బ్యాంకు మాత్రం తప్పక తెచ్చుకోండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, విమానాల్లో 100 లోపు అనుమతి, చేతి సంచిలోనే పెట్టాలి. మామూలు ఫోనును రెండున్నర సార్లు నింపుతుంది.

మోటారు ఆడకపోతే నీళ్ళు లేవు. తుపాను హెచ్చరిక వినగానే పైట్యాంకు నింపి, బకెట్లు, డ్రమ్ములు నింపి మూతలు పెట్టండి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. ఆరుగురికి మూడు రోజులంటే 72 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు నాలుగు. బాత్రూములకు వేరే నీళ్ళు. కరెంటు లేక ఆర్‌వో ఆగితే సలసలా మరిగాక ఒక నిమిషం ఉంచి చల్లార్చిన నీళ్ళే పిల్లలకు. అయినా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొట్లం దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి; పెద్ద పొట్లమైతే లీటరులో, గ్లాసులో కాదు. చిక్కగా కలిపితే మేలుకన్నా కీడు ఎక్కువ.

తిండికి మన ఇళ్ళలో లోటు ఉండదు. అటుకులు, బొరుగులు, సున్నుండలు, రెండో గ్యాస్ సిలిండరు ఉంటే చాలు. ఇండక్షన్ పొయ్యి మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఫ్రిజ్ మూత తీయకపోతే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. దోసెల పిండి, పాలు మొదటి పూటే వాడేయండి. తాతయ్యకు ఇన్సులిన్ ఉంటే, వాడుతున్న సీసాను చాలా రకాలకు 28 రోజుల దాకా బయటే ఉంచవచ్చు. ఎంత వేడి దాకా అన్నది పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. తెరవని సీసాలను తడి తగలని కవరులో చుట్టి మట్టికుండలో పెట్టి, ఆ కుండను తడి ఇసుకలో కూర్చోబెట్టండి. మంచుగడ్డకు తాకించకూడదు, గడ్డకడితే మందు పనికిరాదు. ప్లగ్గు దోమల మందు కరెంటు లేకపోతే పనిచేయదు, అందుకని దోమతెరే దిక్కు. తలుపులు మూసి కాయిల్ వెలిగిస్తే ఆ పొగ పసిపిల్లలకు మంచిది కాదు.

వీధిలో వైర్ల గురించి మన పిల్లలకు తెలియదు. చాలామంది పెరిగేది వైర్లు భూమిలోపల ఉండే కాలనీల్లో. తెగి వేలాడే వైరు, స్తంభానికి ఊతంగా కట్టిన స్టే వైరు, నీళ్ళలో నిలబడ్డ ట్రాన్స్‌ఫార్మరు, మూడింటినీ వచ్చిన రోజే వీధిలోకి తీసుకెళ్ళి చూపించండి. వైరు పడి ఉంటే పది మీటర్ల దూరం, వెంటనే 1912కి ఫోను. పెరట్లో బట్టలారేసే దండెం ఇనప తీగ అయితే ఆ పూటే నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు ఒరుసుకుని తీగలోకి కరెంటు దిగి, తడిబట్టలు ఆరేసే ఆడవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. పక్క వీధికి వెలుగు వచ్చి మనకు రాకపోతే పిల్లలు అడుగుతారు. ముందు సబ్‌స్టేషన్, తర్వాత 11 కేవీ లైను, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మరు, చివరికి ఇంటి సర్వీసు వైరు అని వరస చెప్పండి. వచ్చిన కరెంటు మొదట ఎక్కువతక్కువలుగా ఉంటుంది, ఫ్రిజ్ ప్లగ్గు పది నిమిషాల తర్వాతే పెట్టాలి.

ఇక అక్కడి ఇల్లు. ఇక్కడ చూసి నేర్చుకున్నదాన్ని అక్కడ గుడ్డిగా చేస్తే ప్రాణం మీదకు వస్తుంది, దీన్ని పిల్లలకూ పెద్దలకూ కలిపి చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుతుపానుకు లక్షల ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గులు, జనరేటర్లు వెలిగించినవాళ్ళు, గ్యారేజీలో కారు నడిపినవాళ్ళు బొగ్గు, పెట్రోలు కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పాలయ్యారు. మన ఇళ్ళకు కిటికీలు, వెంటిలేటర్లు, తలుపు సందులు ఉంటాయి, పొగ కొంతైనా పోతుంది. అక్కడి ఇల్లు చలి చొరకుండా బిగించి కట్టినది. పురుడు పోయడానికి శీతాకాలంలో వెళ్ళిన అమ్మ, బాలింతకూ పసిబిడ్డకూ కుంపట్లో నిప్పులు వేసి సాంబ్రాణి పట్టాలనుకుంటుంది. ప్రేమతో చేసే ఆ పని ఆ గదిలో చేయకూడదని ఆవిడకు ముందే, ఇక్కడ ఉన్నప్పుడే, కారణంతో చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగతగా ఉంటే పైత్యం అనుకుని పడుకుంటారు. ఇంట్లో ఒక్కసారే ఇద్దరు ముగ్గురికి అలా ఉంటే మొదట అందరూ బయటికి, ఆ తర్వాతే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోను. ఈ వాయువును పసిగట్టి మోగే, బ్యాటరీతో నడిచే అలారం ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర ఉండాలి. జనరేటరు ఇంటికి ఇరవై అడుగుల అవతల, కిటికీలకు దూరంగా.

"గ్యాస్ హీటరే కదా, కరెంటుతో పనేముంది" అన్నది ఇంకో పొరపాటు. గాలి తోసే ఫ్యాను, థర్మోస్టాట్ కరెంటుతోనే నడుస్తాయి, అందుకని గ్యాస్ హీటరు కూడా చల్లబడుతుంది. ఒక చిన్న గది ఎంచుకుని తలుపు కింద తువ్వాలు దోపి, అందరూ అందులోనే ఉండండి. బయట 20 ఫారన్‌హీట్‌కు దిగుతుందంటే పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా బయటి గోడల వైపు కుళాయిలను సన్నధారగా వదిలి, సింకు కింది అరల తలుపులు తెరిచి పెట్టండి. పైపు పగిలితే ఆపాల్సిన మెయిన్ వాల్వు ఎక్కడుందో పదేళ్ళ పిల్లవాడికైనా చేత్తో తిప్పించి చూపించండి. గ్యారేజీ తలుపు కరెంటు లేకుండా తెరుచుకునే ఎర్ర తాడు కూడా.

అవ్వాతాతలు అక్కడ ఉన్నప్పుడు ఇంకొకటి చేయాలి. ఇంటి నంబరు, వీధి పేరు, ఊరు, జిప్ కోడ్ తెలుగు లిపిలో, పలికినట్టే పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కన గోడకు అంటించండి. దానికింద 911 వాళ్ళు ఇంగ్లీషులో అడిగే రెండు ప్రశ్నలూ (ఎక్కడ, ఏం జరిగింది) వాటి జవాబులూ, అవీ తెలుగు లిపిలోనే. మనవరాలు ఆ కాగితం చదివించి, అవ్వ తడుముకోకుండా చెప్పేదాకా రోజుకొకసారి అప్పజెప్పించుకోవాలి.