తోక ఏదమ్మా?

నాలుగు నెలలుగా రాత్రి భోజనం కాగానే కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్స్ కిరణాలు ఏ క్షణాన ఎన్ని వచ్చాయో చూపే గీతలు చూస్తున్నాను. 1995 డిసెంబరులో ఎగిరిన ఆర్‌ఎక్స్‌టీఈ ఉపగ్రహం 2012 జనవరి దాకా పోగుచేసిన ఎక్స్ కిరణాల లెక్కలు ఎవరైనా దింపుకోవచ్చు. అందులో న్యూట్రాన్ తారల (పేలిపోయిన పెద్ద నక్షత్రాల్లో మిగిలిన, కుదించుకుపోయిన నడిభాగాల) మీద జరిగే థర్మోన్యూక్లియర్ విస్ఫోటనాలను వెతకడం నా పని.

మొదటి వారంలోనే ఒకటి దొరికిందనుకున్నాను. చదునైన గీత మధ్య సూదిలా నిలువునా లేచిన శిఖరం! వెంటనే మా ప్రొఫెసరు గారికి పంపాను. ఆయన జవాబు రెండే మాటలు: "తోక ఏదమ్మా?"

చూస్తే నిజంగానే లేదు. అప్పుడు పనిచేస్తున్న మూడు డిటెక్టర్లలో ఒక్కదానిలోనే ఆ సూది ఉంది. ఆకాశంలో జరిగినది మూడింటికీ కనిపించాలి కదా! పరికరంలో పుట్టిన మెరుపును నక్షత్రానికి అంటగట్టాను.

ఆ తోక సంగతి చెప్పాలి. శిఖరం తర్వాత గీత మెల్లగా కిందికి దిగే భాగమే తోక. జంట తార నుంచి లాక్కున్న వాయువు న్యూట్రాన్ తార మీద పొరగా పేరుకుంటుంది. గంటల తరబడి కూడబెట్టిన ఆ ఇంధనం అడుగున ఒత్తిడికి అంటుకుని క్షణాల్లో కాలిపోతుంది. అలా ఒక్కసారిగా కాలడమే మన అదృష్టం. వాయువు పడుతున్నప్పుడు గురుత్వం వల్ల వెలువడే శక్తి, అదే వాయువు కాలితే వచ్చే దానికి కొన్ని పదుల రెట్లు. నెమ్మదిగా కాలి ఉంటే ఆ వెలుగులో ఇది కలిసిపోయేది.

కాలిన ఉపరితలం తర్వాత చల్లారాలి. ఆ చల్లారడమే తోక. అందుకే కిరణాల శక్తిని బట్టి గీతను రెండుగా విడదీస్తాను. ఎక్కువ శక్తి గల కిరణాలు ముందు తగ్గిపోవాలి, తక్కువ శక్తివి ఇంకాసేపు ఉండాలి. 1976లో కనిపెట్టిన ర్యాపిడ్ బర్‌స్టర్ అనే న్యూట్రాన్ తార విస్ఫోటనాల్లో ఎక్కువ భాగం ఇలా చల్లారవు. వాటిలో మండేది ఏమీ లేదు, వాయువే ముద్దలు ముద్దలుగా మీద పడుతోంది.

మొన్న మంగళవారం అసలైనదే తగిలింది. మూడు డిటెక్టర్లలోనూ ఉంది, ఒక సెకనులో శిఖరానికి చేరింది. ఎక్కువ శక్తి గీత అప్పుడే దిగడం మొదలుపెట్టింది. ఏడో సెకనులో ఉపగ్రహానికి భూమి అడ్డొచ్చింది.

సగం తోకతో ప్రొఫెసరు గారికి ఇంకా పంపలేదు.