తాళం తీసినా కరెంటు తాగే కారు

కావలి ఇంట్లో మా పాత కారును రెండు మూడు రోజులు కదపకపోతే ఇక స్టార్ట్ కాదు. "బ్యాటరీ మార్చు అబ్బయ్యా" అంటారు అందరూ. బ్యాటరీ కొత్తదే!

కారు ఆపి, కరెంటు కొలిచే మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కీ విప్పిన కేబుల్‌కీ మధ్య కలిపాను. (అలా ఉండగా సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజు హరీ.) 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాల్సింది 400 చూపించింది. అంటే రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు గల్లంతు. మా బ్యాటరీ మొత్తం కెపాసిటీయే 35.

ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే పీకినా అంకె కదల్లేదు. ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ లావు వైరు మాత్రం మా కారులో ఫ్యూజు బాక్సులోకి రాదు కదా! బ్యాటరీ కేబుల్ తీసేసి ఆ వైరు విప్పి, మళ్లీ మీటర్ కలిపితే దాదాపు సున్నా. ఆల్టర్నేటర్ లోపల, కరెంటును ఒకవైపే పోనివ్వాల్సిన డయోడ్ లీకవుతోంది. ట్రంకు రోడ్డు ఎలక్ట్రీషియన్ డయోడ్ ప్లేటు మార్చి, "ఛార్జింగ్ బాగుంటే దీన్నెవరు అనుమానిస్తారు సార్" అన్నాడు.