విజయనగరం రోడ్ల మీద అరుదైన కార్లు: ఈ ఏడాది పుస్తకంలోకి ఎక్కినవి

రోడ్డు మీద చూసిన అరుదైన కార్లను రాసుకునే నా పుస్తకంలో ఒక మోడల్‌కి ఒకటే పేజీ. మొదటిసారి కళ్లారా చూసినప్పుడే రాస్తాను. అదే రకం మళ్లీ ఎదురైతే మార్జిన్‌లో ఒక గీత, అంతే. ఫోటో లేకపోయినా పేజీ ఉండవచ్చు గానీ చూసిన చోటు, బండి వెళ్తున్న దిక్కు, నంబరు బోర్డు తరహా, దేన్ని బట్టి గుర్తుపట్టానో ఆ ఆనవాలు తప్పకుండా ఉండాలి. ఆనవాలు రాయలేకపోతే ఆ కారును చూసినట్టు లెక్క కాదు. ధరకు మాత్రం గడి పెట్టలేదు. కోట్ల ఖరీదు చేసే కారు ఎప్పుడో ఒకప్పుడు హైవే మీద దానంతట అదే వస్తుంది. నడిచే స్థితిలో ఉన్న స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు కోసం మనమే ఊళ్లు తిరగాలి.

డిసెంబరు

కార్లను చూసి ఫోటో తీయడానికి నిలబడే చోటు ఖాయమైంది. 16వ నంబరు జాతీయ రహదారి విజయనగరం పట్టణాన్ని తాకదు. భోగాపురం, పూసపాటిరేగ మీదుగా శ్రీకాకుళం వైపు సాగిపోతుంది. కాబట్టి ఈ పనికి పట్టణం వదిలి అటే వెళ్లాలి. ఆ రోడ్డు దాదాపుగా నైరుతి నుంచి ఈశాన్యానికి పోతుంది, అదే నాకు కలిసొచ్చింది. ఉదయం సముద్రం వైపు సర్వీసు రోడ్డులో నిలబడితే ఎండ వీపు మీద పడుతుంది, విశాఖ వైపు వెళ్లే బండి ఎడమ పక్క నిండా వెలుగు ఉంటుంది. సాయంత్రం కొండల వైపుకు మారాలి, అప్పుడు శ్రీకాకుళం వెళ్లే కార్లు బాగా వస్తాయి. ఇనుప కంచె దాటి హైవే అంచుకు వెళ్లను.

కెమెరా షట్టరు సంగతి: బండి కదలకుండా పడాలంటే సెకనులో వెయ్యో వంతు. చక్రాలు తిరుగుతున్నట్టు, వెనకాల చెట్లు చెదిరినట్టు రావాలంటే వందో వంతు పెట్టి, కెమెరాను బండితో పాటు తిప్పాలి. కొత్త కార్ల ఎల్‌ఈడీ దీపాలు మన కంటికి కనబడనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. అందుకే వెయ్యో వంతులో ఒక్కోసారి దీపం ఆరిపోయినట్టు పడుతుంది. వరసగా నాలుగైదు ఫోటోలు తీస్తే ఒకదాంట్లోనైనా వెలుగుతుంది.

టోల్ ప్లాజా మంచి చోటు కదా అని చాలామంది అంటారు. ఫాస్టాగ్ రాకముందు అయితే నిజమే, నాతవలస దగ్గర కార్లు నిమిషాల తరబడి ఆగేవి. ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోపు గేటు దాటుతున్నాయి. పైగా అక్కడ మనం నిలబడితే అందరికీ అడ్డం.

జనవరి

పండగకు ఊరొచ్చే వాళ్లతో హైవే నిండిపోయిన వారం. లంబోర్గిని హురకాన్, ఆకుపచ్చ రంగు, శ్రీకాకుళం దిశ, తెలంగాణ నంబరు. ముందు వినబడింది, తర్వాత కనబడింది. 5.2 లీటర్ల వీ10, అంటే పది సిలిండర్ల ఇంజను డ్రైవరు వీపు వెనకే ఉంటుంది. ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే టర్బో లేదు కాబట్టి ఆ గొంతుకు అడ్డుపడేది ఏమీ ఉండదు. ఆనవాలు: ముందూ వెనకా దీపాల్లో ఇంగ్లీషు వై అక్షరం ఆకారం. 2014లో వచ్చిన ఈ మోడల్ స్థానంలో కంపెనీ ఇప్పుడు ఎనిమిది సిలిండర్లకు విద్యుత్ మోటార్లు జోడించిన వీ8 హైబ్రిడ్‌ను తెచ్చింది. అంటే ఈ గొంతు ముందు ముందు ఇంకా అరుదవుతుంది.

పెట్రోలు కోసం ఆ కారు సర్వీసు రోడ్డులోకి దిగడం నా అదృష్టం. ఎందుకంటే అక్కడొక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా ఉండాలి. ఇక్కడున్నది టేపు పెట్టి కొలిస్తే వెడల్పు మీటరు కూడా లేదు. డ్రైవరు ఆగి, మీట నొక్కి కారు ముక్కును పైకి లేపి, ఏటవాలుగా ఒక్కో చక్రాన్నీ ఎక్కించి దాటించాడు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన అంతా చూసి, "అంత డబ్బు పోసి కొన్నవాడు ఇంకొంచెం ఎత్తుది కొనుక్కోవాల్సింది" అన్నాడు. అదీ రాసుకున్నాను.

ఫిబ్రవరి

రణస్థలం దగ్గర దాబా. జర్మనీ బోర్డుతో ఉనిమాగ్ అనే మెర్సిడెస్ ట్రక్కు, వెనక ఇల్లు కట్టిన బండి. బోర్డు మీద మొదటి అక్షరం ఎం, అంటే మ్యూనిక్. చక్రాల మధ్యలోకి వంగి చూస్తే ఇరుసు చక్రం కేంద్రం కన్నా పైన ఉంటుంది. పోర్టల్ యాక్సిల్ అంటే అదే, ఆ బండి కింద అంత ఖాళీ ఉండడానికి కారణమూ అదే. కోణార్క్ చూసి మహాబలిపురం పోతున్న దంపతులు. స్టీరింగ్ ఎడమ పక్కన ఉండడంతో లారీని దాటాలంటే కుడి సీట్లోని భార్య ముందుకు చూసి చెప్పాల్సిందేనట. సొంత బండిని ఇక్కడ సుంకం కట్టకుండా తిప్పి, తిరిగి తీసుకుపోవడానికి హామీగా ఉండే కార్నే పుస్తకం కూడా చూపించారు.

ఏప్రిల్

ఈ ఏడాది పేజీలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. విజయనగరంలో కోట వెనక సందులో, ఒక రిటైర్డు మాస్టారి ఇంట్లో, నాలుగు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. 1970 బండి.

"కొంటావా బాబూ?" అన్నారు గేటు తీస్తూనే.

"లేదు మాస్టారూ, చూడడానికే వచ్చాను."

"అయితే లోపలికి రా. కొనేవాళ్లకు చూపించను."

బ్రిటన్‌లో ట్రయంఫ్ 1959లో తెచ్చిన కారు ఇది. గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసింది. నాలుగు తలుపుల రూపం మాత్రం మన దేశంలో తప్ప ఇంకెక్కడా రాలేదు. నంబరు విశాఖపట్నానిది. కారణం మామూలే: విజయనగరం జిల్లా 1979 జూన్ 1న గానీ పుట్టలేదు.

బోనెట్, రెండు మడ్‌గార్డులు కలిసి ఒకే ముక్కగా ముందుకు వాలుతాయి. మెకానిక్ ముందు టైరు మీద కూర్చుని 948 సీసీ ఇంజనుకు పని చేసుకోవచ్చు. వంగి నడుము పట్టేయించుకునే అవసరమే లేదు. ఇంత మర్యాద తెలిసిన డిజైన్ ఇప్పటి కార్లలో నాకు కనబడలేదు. పూర్తిగా తిరగడానికి ఏడున్నర మీటర్ల చోటు చాలు. మాస్టారు ఆ సందు మొగలో ఒకే తిప్పుకు తిప్పి చూపించారు. పక్కింటి ఆటో డ్రైవరుకు కూడా అసూయ పుట్టింది.

మాకు సముద్రం దగ్గర, గాలిలోనే ఉప్పు. హెరాల్డ్‌కు విడి ఛాసిస్, అంటే అడుగు చట్రం ఉంటుంది, దాని నుంచి పక్కలకు సాగే చేతులు ముందు తుప్పుపడతాయి. నేను తీసుకెళ్లేవి రెండే: టార్చి, పలచటి కాగితంలో చుట్టిన చిన్న అయస్కాంతం. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ మందంగా పూసిన చోట జారిపోతుంది. ఈ బండికి గుమ్మాల కింద, డిక్కీ మూల జారింది. "అక్కడ టింకరింగ్ నేనే చేయించాను" అని నేను అడగకముందే చెప్పారు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును తినేస్తుందని ఇంధనం గొట్టాలన్నీ మార్పించారు. వారానికోసారి స్టార్టు చేసి, ఇంజను పూర్తిగా వేడెక్కాకే ఆపుతారు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి ఆయనకు నేను చెప్పాను. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి వీఏ అక్షరాలతో వేరే బోర్డు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయిస్తే 5,000. అయితే ఆ బోర్డుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. "అయితే నాకొద్దు. నేను దీంట్లోనే కూరగాయలకు వెళ్తాను" అన్నారు మాస్టారు. ఆయన మాటే నాకూ నచ్చింది.

జూన్

హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా ఇంకొకటి, మార్జిన్‌లో గీత. వెనక 1.8 అన్న అంకె ఉంది కాబట్టి ఇసుజు ఇంజనుది. అంబాసిడర్ ఇంజనుతో వచ్చిన తొలి కాంటెస్సా ఇంకా దొరకలేదు.

బొబ్బిలి వైపు ఒక రైస్ మిల్లు షెడ్డులో గుడ్డ కప్పిన కారు ఉందని మాస్టారే చెప్పారు. స్టాండర్డ్ 2000 కావచ్చు. 1985లో వచ్చి నాలుగేళ్లయినా నిలవని బండి. రోవర్ ఎస్‌డీ1 అనే బ్రిటిష్ కారు ఒంటికి స్టాండర్డ్ వారి పాత వాన్‌గార్డ్ 1991 సీసీ ఇంజను బిగించారు. డిక్కీ మూత వెనక అద్దంతో కలిసి పైకి లేస్తే అదే అని తేలిపోతుంది. మిల్లు యజమాని ఆషాఢం పోయాక రమ్మన్నారు. షెడ్డులో వెలుతురు లేదట, అందుకని పెద్ద టార్చి కొన్నాను.