రాజురా సాఫ్ట్‌నర్ లాగ్: ఉప్పునీళ్ళు తగ్గని డ్రమ్ము

బోరు నీళ్ళ కాఠిన్యం (గార కట్టించే కాల్షియం, మెగ్నీషియం) తీయడానికి ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టుకున్నాను. నిన్న రాత్రి పదకొండింటికి దాని ఉప్పునీళ్ళ డ్రమ్ములో స్కేలు ముంచి చూస్తే నీళ్ళు 14 సెంటీమీటర్లు తగ్గాయి. నేను అరిచిన అరుపుకి కరెంటు షాక్ కొట్టిందేమోనని మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. డ్రమ్ములో నీళ్ళు తగ్గాయని చెప్తే, ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ 14 సెంటీమీటర్ల కోసం నెలన్నర తిప్పలు పడ్డానని ఆమెకేం తెలుసు.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రాజురా. ఇక్కణ్ణించి గడ్‌చాందూర్, కోర్పనా దాకా నేల కింద సున్నపురాయే, సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. మా బోరు నీళ్ళు చుక్కల కిట్‌తో కొలిస్తే 28 చుక్కలకి గానీ నీలం రంగు తిరగలేదు. చుక్కకి 20 చొప్పున కాఠిన్యం 560 పీపీఎం, అంటే లీటరుకి 560 మిల్లీగ్రాములు. తాగేనీళ్ళకి మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెప్పేది 200, వేరే దారి లేకపోతే 600. అంటే అంచు మీదున్నాం. గీజర్ ఎలిమెంట్ మీద వేలిమందం గార. పప్పు ఉడకాలంటే చిటికెడు సోడా పడాల్సిందే.

ఏ పద్ధతి ఎంచుకోవాలన్న గొడవ పోయినసారే రాశాను కాబట్టి ఒక్క మాట. నల్లాకి బిగించే గుళికల ఫిల్టర్లు గార కట్టడాన్ని కొంత ఆపుతాయేమో గానీ కాఠిన్యాన్ని తీసెయ్యవు. పైపు చుట్టూ వైరు చుట్టే ఎలక్ట్రానిక్ డబ్బా మా బజార్లో ఒకాయన పెట్టించుకున్నాడు, ఆయన బకెట్ల మీద గార అట్లనే ఉంది. నా ఓటు రెజిన్‌కే, అంటే కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదిలే సన్న పూసలకి. అది కూడా పేరూ ఊరూ లేని సంచీ కాకుండా ఇండియాన్ 225 గానీ టల్షన్ టీ-42 గానీ.

మనిషికి 135 లీటర్ల లెక్కన నలుగురికి రోజుకి 540. 844 ట్యాంకులో (8 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల ఎత్తు) 20 లీటర్ల రెజిన్ పోశాను. లీటరుకి 50 గ్రాముల కాఠిన్యం పట్టుకుంటుందనుకుంటే మొత్తం 1,000 గ్రాములు, 560 పీపీఎం నీళ్ళకి సుమారు 1,780 లీటర్లు. మూడు రోజులకోసారి ఉప్పు పెడితే చాలన్నమాట. కాగితం మీద ఎంత బాగుందో!

జరిగింది ఇది. రీజెనరేషన్ (కాఠిన్యంతో నిండిన రెజిన్‌ని ఉప్పునీళ్ళతో కడిగి మళ్ళీ సిద్ధం చెయ్యడం) అయ్యాక మీటర్ సున్నా చేసి, ప్రతి 100 లీటర్లకి చుక్కలు లెక్కపెట్టాను. 400 దాకా మొదటి చుక్కకే నీలం, అంటే కాఠిన్యం లేనట్టే. 500 దగ్గర మూడు చుక్కలు. 600 దగ్గర పదకొండు. 700కి బోరు నీళ్ళే. మూడోవంతుకే చేతులెత్తేసింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే.

మొదట రెజిన్ మీద అనుమానం వచ్చింది. ట్యాంకు పడుకోబెట్టి మొత్తం బకెట్లలోకి ఒంపి లీటరు మగ్గుతో కొలిచాను, పందొమ్మిదిన్నర. పోయింది అరలీటరే, అదీ వాకిట్లో పడ్డదే. తర్వాత ట్యాంకు మధ్య పైపుకుండే రబ్బరు ఓ-రింగు. పైపు 4 మిల్లీమీటర్లు పొట్టిగా కోశానని తేలింది గానీ, అక్కడ లీకైతే మొదటి బకెట్ నుంచే కాఠిన్యం కనబడాలి కదా, 400 దాకా సున్నా ఎట్లా వస్తుంది? అయినా మార్చాను. ఆ తర్వాత ఉప్పు. రెజిన్ లీటరుకి 150 గ్రాముల చొప్పున 3 కిలోలు వేస్తున్నవాణ్ణి 5 కిలోలు కుమ్మరించాను. తేడా లేదు. చంద్రపూర్ నుంచి వేరే దొడ్డుప్పు బస్తా తెచ్చాను. తేడా లేదు.

అసలు సంగతి పట్టింది మా అమ్మ. బట్టలారేయడానికి పైకొచ్చి డ్రమ్ము మూత తీసి, "డ్రమ్ముల నీళ్ళు డ్రమ్ములనే ఉన్నయి గదరా" అంది.

30 సెంటీమీటర్ల వెడల్పు డ్రమ్ములో 10 లీటర్ల నీళ్ళు, 3 కిలోల ఉప్పు కలిపితే ఎత్తు పదిహేనున్నర సెంటీమీటర్లు. సాఫ్ట్‌నర్ వాల్వ్‌ని ఉప్పునీళ్ళు లాగే చోటికి తిప్పి 50 నిమిషాలు ఉంచి కొలిస్తే నీళ్ళు దిగింది నాలుగున్నర. అంటే లోపలికి పోయిన ఉప్పు 870 గ్రాములు. నేను వేసినదాంట్లో మూడోవంతుకి తక్కువ, నాకొచ్చిన మెత్తటి నీళ్ళూ మూడోవంతు. నెలరోజులుగా మూత పెట్టేసి కిందికి దిగిపోతున్నాను, ఒక్కసారి కూడా చూడలేదు.

వాల్వ్‌లో ఉప్పునీళ్ళని లాగే ఇంజెక్టర్ విప్పి పిన్నీసుతో పొడిచాను, వెనిగర్లో రాత్రంతా నానేశాను. నాలుగున్నర కాస్తా ఐదైంది. ఆఖరికి ప్లంబర్ వచ్చి గేజీ బిగించి "ప్రెషర్‌చ్ నాహీ భావు" (ప్రెషరే లేదన్నా) అన్నాడు. 0.5 బార్. మరి ఇంటి నీళ్ళ ట్యాంకు వాల్వ్‌కి ఐదున్నర మీటర్ల పైనుంది, మీటరుకి 0.1 బార్, అంతకంటే ఎక్కడొస్తుంది? నీళ్ళ ఊపుతోనే ఇంజెక్టర్ ఉప్పునీళ్ళని లాగాలి. వాల్వ్‌తో వచ్చిన కాగితంలో 1.5 నుంచి 6 బార్ అని చీమతలకాయంత అక్షరాలతో రాసే ఉంది. ఆటోమేటిక్ కొనేవాళ్ళు కూడా చూసుకోండి, ఫ్లెక్ 5600 వాల్వ్‌కి అయినా 20 పీఎస్ఐ (సుమారు 1.4 బార్) కావాలి.

అరహార్స్‌పవర్ ప్రెషర్ పంపు పెట్టాను, 1.8 బార్, 35 నిమిషాల్లో 14 సెంటీమీటర్లు.

ఈసారి 1,360 లీటర్లు వచ్చాయి. ఇంకా 400 బాకీ. ఇన్నాళ్ళూ అడుగు రెజిన్‌కి ఉప్పు అందక అది కాఠిన్యంతో నిండిపోయి ఉంటుందని నా ఊహ. ఆదివారం ఒక్కసారికి 6 కిలోలు పెట్టి చూస్తాను. బ్యాక్‌వాష్ (రెజిన్‌ని కింది నుంచి పైకి కడిగే) నీళ్ళు కాస్త ఎర్రగా వస్తున్నాయి, ఐరన్ అయితే సిట్రిక్ యాసిడ్ పట్టాలి.

నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటర్ పట్టుకొచ్చి "980కి 980 ఉంది, ఏం తగ్గింది?" అనే పక్కింటి అన్నకి మళ్ళీ చెప్తున్నా, తగ్గదు. కాల్షియం పోయి సోడియం వస్తుంది, అంతే. మా నీళ్ళలో సోడియం లీటరుకి దాదాపు 260 మిల్లీగ్రాములు పెరుగుతుంది. అమ్మకి బీపీ, అందుకే వంటకీ తాగడానికీ ఆర్‌ఓ నీళ్ళే.

ఆదివారం లోపు ఇంకో పనుంది. కడిగిన ఉప్పునీళ్ళన్నీ పెరట్లోకే వదుల్తున్నాను, కరివేపాకు చెట్టు కింది కొమ్మలు పసుపెక్కాయి. ఇరవై అడుగుల పైపు తెచ్చి మోరీలోకి కలిపేదాకా ఇంకో రీజెనరేషన్ చెయ్యడానికి అమ్మ ఒప్పుకోవట్లేదు.