రాముడి వీపు మీద పడ్డ దెబ్బ

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిని బళ్లో ఏదైనా ఒక కథ తీసుకుని దాని థీమ్ రాసుకు రమ్మన్నారు. ఏ భాష కథయినా సరేనన్నారట. నా సంబరం అంతా ఇంతా కాదు. గురజాడ 'దిద్దుబాటు' చదివి వినిపించాను. తనకి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు.

1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన కథ. సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకి భార్య కమలిని కనబడదు, ఆమె రాసిపెట్టిన ఉత్తరం కనబడుతుంది. బెంబేలెత్తిపోతాడు. చివరికి మంచం కిందనుంచి ఆమె నవ్వు, గాజుల గలగల.

థీమ్ 'స్త్రీవిద్య' అని నేనే అందించాను. "అది టాపిక్ అమ్మా, థీమ్ కాదు" అంది. థీమ్ అంటే పూర్తి వాక్యం రాయాలట, దానికి కథలోంచే సాక్ష్యం చూపించాలట. సరే, 'చదువుకున్న భార్య భర్తని దారిలో పెట్టుకోగలదు' అని రాయమన్నాను. కాలేజీ రోజులనుంచీ నేను నమ్మిన జవాబు అదే.

తను ఒప్పుకోలేదు. "మరి రాముణ్ణి కొట్టాడు కదా. దాన్నెవరు దిద్దారు?"

రాముడు ఆ ఇంటి పనివాడు. గోపాలరావు కోపం పట్టలేక అతని వీపు మీద గుద్దుతాడు, రాముడు నేల మీద కూలబడతాడు. ఆ వెంటనే కథకుడు గోపాలరావుది దయగల హృదయమంటాడు. అతను నిమిషంలోనే పశ్చాత్తాపపడి రాముడి వీపు నిమురుతాడు. నేను ఎప్పుడు చదివినా అక్కడ నవ్వుకుని ముందుకెళ్లిపోయేదాన్ని. తను అక్కడే ఆగింది.

దెబ్బ పక్కనే దయ అని రాయడంలో గురజాడ చురక ఉందనీ, కథకుడి మాటంతా రచయిత మాట అనుకోకూడదనీ చెప్పాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. తను మళ్లీ చదవమంది. గోపాలరావు అదే రాముడికి, పార్వతికి సగం దేహమిచ్చిన శివుడి గురించీ, చదువు విలువ గురించీ చెప్పే చోటు చదివాను. రాముడి కూతురు బడికి వెళ్తోందన్న సంగతి అక్కడే వస్తుంది. "ఆ అమ్మాయి పెద్దయ్యాక ఈ కథ చదివితే థీమ్ ఏమని రాస్తుంది?" అంది.

పిల్లలకి మన కథలు చదివి వినిపించండి, నీతి మాత్రం ముందే చెప్పెయ్యకండి అని తోటి తల్లులతో అంటూ ఉంటాను. ఇప్పుడూ అంటాను. కానీ ఈ కథ ఎంచుకున్నప్పుడు నాకో ఆశ ఉంది. మనవాళ్లు వందేళ్ల కిందటే ఆడపిల్లల చదువు గురించి రాశారని తను క్లాసులో తలెత్తుకుని చెప్పాలని. తను రాసిందేమో పనివాడి వీపు గురించి. అది చదివి వాళ్ల టీచరు మనల్ని ఏమనుకుంటుందోనని నాకు బెంగ. ఆ పేరా తీసెయ్యమని నోటిదాకా వచ్చింది. అనలేదు గానీ బెంగ పోలేదు. పిల్ల బాగా ఆలోచించాలనా నా కోరిక, మన గురించి బాగా చెప్పాలనా?

మా అమ్మమ్మగారింట్లోనూ పెద్ద వయసు పనివాడొకాయన ఉండేవాడు. పిల్లలం కూడా ఆయన్ని పేరు పెట్టి 'ఒరేయ్' అని పిలిచేవాళ్లం. అది చెబితే, ఆయనకి పిల్లలున్నారా, చదువుకున్నారా అని అడిగింది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు అమ్మని అడగాలి.